పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు అయిదు గంటలా?

మహబూబ్‌నగర్ నుంచి శంషాబాద్‌కు మా కార్లలో వెళ్లే అందరికీ నమస్కారం. పోయిన నెల నా వల్ల ఒక తప్పు జరిగింది. అది మీకు చెప్పాలి.

దేవరకద్ర వైపు ఒక పెద్దమ్మ, దుబాయ్ నుంచి వచ్చే కొడుకు కోసం బండి మాట్లాడారు. "రాత్రి తొమ్మిదిన్నరకు అక్కడ విమానం ఎక్కుతడట బిడ్డా" అన్నారు. అతను పోయినప్పటి టికెట్ నేను చూసిందే. ఇక్కడ పొద్దున 10కి బయలుదేరి, అక్కడ 12:30కి దిగింది. ప్రయాణం రెండున్నర గంటలే అనుకుని, అదే లెక్కన అర్ధరాత్రి 12కల్లా బండి శంషాబాద్‌లో ఉండేలా పంపాను. విమానం దిగింది 2:30కి. పెద్దమ్మ అంతసేపూ వెనక సీట్లో, టవల్‌లో చుట్టిన జొన్న రొట్టెల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారట. దానికి వెయిటింగ్ చార్జీ కూడా వేశాను.

టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే ఉంటుంది. దుబాయ్ గడియారం మనకన్నా గంటన్నర వెనక. అందుకే పోయే టికెట్ రెండున్నర గంటల ప్రయాణంలా, వచ్చే టికెట్ అయిదు గంటలలా కనిపిస్తాయి. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం నేరుగా కొలిస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. అసలు ప్రయాణం పోయేటప్పుడు దాదాపు 4 గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర. ఆ అరగంట తేడా గాలి వల్ల. అంత ఎత్తులో, చలికాలంలో మరీ, గాలి పడమర నుంచి తూర్పుకు గట్టిగా వీస్తుంది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు అదే వెనక నుంచి తోస్తుంది.

కాబట్టి ఇకపై నోటిమాట మీద బండి పంపను. టికెట్ ఫొటో వాట్సాప్‌లో పెట్టండి. తేదీ దగ్గర మరీ జాగ్రత్త: 15న 1:00కి దిగుతుందంటే, బండి కావాల్సింది 14 రాత్రికి. విమానం దిగాక ఇమిగ్రేషన్, లగేజీ అయ్యేసరికి గంట దాకా పడుతుంది, ఆ గంటకు వెయిటింగ్ తీసుకోను. మన దగ్గర నుంచి శంషాబాద్ 80 కిలోమీటర్ల పైచిలుకు. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా రెండు గంటలు పెట్టుకుంటాను. విదేశాలకు పోయేవాళ్లను మూడు గంటల ముందే దింపాలి కనుక, 10 గంటల విమానానికి ఇంటి దగ్గర తెల్లవారి 5కే బయలుదేరాలి. అంత పొద్దున్నే ఎందుకని చాలామంది అడుగుతారు. కౌంటర్ మూసేశాక ఎంత బతిమాలినా లోపలికి పంపరు, అలా ఆగిపోయిన పిల్లల్ని నేను చూశాను.

పెద్దమ్మ దగ్గర తీసుకున్న వెయిటింగ్ డబ్బులు ఇంటికి వెళ్లి ఇచ్చి వచ్చాను. నా తప్పు లెక్క వల్ల ఇంకెవరైనా ఎక్కువ కట్టి ఉంటే ఆఫీసుకు రండి. రసీదు లేకపోయినా పర్వాలేదు, ట్రిప్పుల పుస్తకంలో రాసే ఉంటుంది.