ఆదర్శానికి కొలబద్ద ఎవరు?

సంపాదకులకు,

సంతాప సందేశాల్లోనూ సన్మాన పత్రాల్లోనూ ప్రతి నాయకుణ్ణీ ఏదో ఒక ఆదర్శానికి నిలువెత్తు రూపంగా వర్ణించడం పరిపాటి అయింది. ఒక ఆదర్శాన్ని చూడాలనుకున్నవారికి అది ఒక మనిషి నడవడిలో కనిపించినప్పుడే ఆ వర్ణన చెల్లుతుంది. వేదికలెక్కి దాన్ని పొగడటం ఎవరైనా చేయగలిగినదే.

1955 డిసెంబరు 1న అమెరికాలోని మాంట్‌గోమరీ నగరంలో నల్లజాతి మహిళ రోజా పార్క్స్ బస్సులో తన సీటును తెల్లజాతి ప్రయాణికుడికి వదలడానికి నిరాకరించి అరెస్టయ్యారు. పనిచేసి అలసిపోయినందువల్లే ఆమె లేవలేదన్న కథ ప్రచారంలో ఉన్నా, అప్పటికే ఆమె పౌరహక్కుల సంఘం స్థానిక శాఖలో కార్యదర్శిగా ఏళ్ల తరబడి పనిచేశారన్న సంగతిని చాలామంది విస్మరిస్తారు. ఆ తర్వాత నగరంలోని నల్లజాతీయులు 381 రోజులు బస్సులను బహిష్కరించారు. ఆమె ఉద్యోగం పోయింది. సమానత్వ భావన ఆమెలో రూపుకట్టిందంటే ఆ ముందటి శ్రమకూ, తర్వాత చెల్లించిన మూల్యానికీ అందులో పెద్ద వాటా ఉంది.

వస్తువుల సంగతి వేరు. 1889 నుంచి 2019 వరకు కిలోగ్రాము అంటే పారిస్ సమీపంలో భద్రపరచిన ఒక ప్లాటినం-ఇరిడియం దిమ్మె ద్రవ్యరాశే. నకళ్లతో తేడా వచ్చినా, నిర్వచనం ప్రకారం తప్పు నకళ్లదే అయ్యేది! మనుషులకు ఆ వెసులుబాటు ఇస్తే నాయకుడి పొరపాట్లు కూడా ఆదర్శంగానే చెలామణి అవుతాయి. కనుక అటువంటి విశేషణం వాడిన ప్రతిసారీ, ఆ వ్యక్తి ఎప్పుడు, ఏం వదులుకుని ఆ ఆదర్శానికి కట్టుబడ్డారో ఒక్క వాక్యంలోనైనా రాయవలసిందిగా పత్రికలను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు