మీ క్యాసెట్లు మన షాపు గడప దాటవు

వీడియో క్యాసెట్లు ఇచ్చి వెళ్ళినవాళ్ళందరూ అడుగుతున్నారు, "అంకుల్, మావి ఇంకెప్పుడు?" అని. అడగడంలో తప్పేం లేదు, సంక్రాంతికి ఇచ్చిన టేపులు మే నెలాఖరు మెమోరియల్ డే దాటినా కంప్యూటర్‌లోకి ఎక్కకపోతే నేనైనా అడుగుతాను. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కిరాణా వైపు ఏ మార్పూ లేదు, కరివేపాకు ఎప్పట్లాగే శుక్రవారం వస్తుంది. ఇదంతా వెనక గదిలో పాత క్యాసెట్లని కంప్యూటర్‌లోకి ఎక్కించే కౌంటర్ గురించి.

ఆగిపోయినవి ఇండియా టేపులు మాత్రమే. ఇక్కడ అమెరికాలో తీసినవి ఎన్‌టీఎస్‌సీ అనే టీవీ పద్ధతి, అక్కడ తీసినవి పాల్ (PAL) అనే పద్ధతి. ఇక్కడ బొమ్మకి 525 గీతలు, అక్కడ 625. ఇక్కడ సెకనుకి దాదాపు 30 ఫ్రేములు, అక్కడ 25. ఊళ్ళో పెళ్ళి చేసుకుని, ఆ క్యాసెట్‌ని చీరల మధ్య భద్రంగా పెట్టుకొచ్చి, న్యూజెర్సీలో వీసీఆర్‌లో వేస్తే బొమ్మ పైకీ కిందికీ దొర్లేది, రంగులు కూడా వచ్చేవి కావు, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వాటికి రెండు పద్ధతులూ ఆడించే మల్టీ సిస్టమ్ వీసీఆర్ కావాలి. నా దగ్గర పానసోనిక్ ఏజీ-డబ్ల్యూ1లు రెండున్నాయి, బంగారం లాంటి మెషిన్లు. చలికాలంలో ఒకదాని పవర్ సప్లై పోయింది, రెండోదాని హెడ్, అంటే టేపు చదివే భాగం, అరిగిపోయింది.

కొత్తది కొనొచ్చుగా అని సలహా ఇస్తున్నవాళ్ళకి: లోకంలో చివరిదాకా వీసీఆర్లు చేసినది ఫునాయ్ అనే జపాన్ కంపెనీ, విడిభాగాలు దొరకడం లేదని వాళ్ళు కూడా 2016 జులైలో ఆపేశారు. ఇప్పుడు ఎక్కడ కొన్నా పాతదే, కాకపోతే బాగుచేసిన పాతది.

అలా బాగుచేసి అమ్మే ఒకాయన వేరే రాష్ట్రంలో ఉన్నాడు. పేరు రాయను, రాస్తే ఆయన స్థాయికి నేను దిగినట్టవుతుంది. ఎన్నో ఏళ్ళుగా ఫోన్‌లోనే వ్యవహారం, రబ్బరు బెల్టులు, పించ్ రోలర్లు అన్నీ ఆయన దగ్గరే కొన్నాను. మూడు మెషిన్లు, హెడ్లు బిగించి ఉండే గుండ్రటి డ్రమ్ములు కొత్తవి వేసి పంపుతానన్నాడు, అడ్వాన్స్ మొత్తం ముందే కావాలన్నాడు, సరే అని పంపాను. ఇక అక్కడినుంచి నాన్చుడు. ఈ వారం అన్నాడు, మంచు అన్నాడు, వాళ్ళావిడకి ఒంట్లో బాగాలేదన్నాడు, పాపం అనుకున్నాను. చివరికి ఏప్రిల్‌లో పెట్టె వచ్చింది. మూత విప్పి చూస్తే డ్రమ్ బిగించే స్క్రూల మీద ఫ్యాక్టరీవాళ్ళు వేసిన రంగు చుక్క చెక్కుచెదరలేదు. ఆ స్క్రూలు విప్పకుండా డ్రమ్ మార్చే విద్య ఏదో ఆయన దగ్గరే నేర్చుకోవాలి! మూడింట్లోనూ అంతే. ఆల్కహాల్‌తో పైపైన తుడిచి, పెట్టె మీద "కొత్త హెడ్" అని స్టిక్కర్ అంటించాడు. నా పరీక్ష టేపు వేస్తే సగం తెర మీద మంచు కురుస్తోంది. ఫోన్ చేస్తే, "మీ టేపు పాడై ఉంటుంది, ట్రాకింగ్ తిప్పి బొమ్మ సరిచేసి చూడండి" అన్నాడు. 1994 నుంచి ఈ పని చేస్తున్న నాకు ట్రాకింగ్ తిప్పడం నేర్పుతున్నాడు! డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకి ఒళ్ళు మండింది. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ డబ్బు సంగతి నేను చూసుకుంటాను, ఒక్క డాలరు కూడా మీ మీద వెయ్యను.

ఇప్పుడు అసలు విషయం. మా అబ్బాయి అన్నాడు, "డాడీ, ఈ టెన్షన్ మనకెందుకు, పెద్ద ల్యాబులు ఉన్నాయి, పెట్టెలో పెట్టి పంపేస్తే బార్‌కోడ్ వేసి మూడు నాలుగు వారాల్లో తిరిగి పంపుతారు, మన కమిషన్ మనకుంటుంది." లెక్క ప్రకారం వాడిదే కరెక్ట్. పెట్టెలు కూడా కట్టేశాం, లేబుళ్ళు ప్రింట్ చేశాం. రెండు వారాలు ఆ పెట్టెలు బియ్యం బస్తాల పక్కనే ఉన్నాయి, రోజూ వాటిని దాటుకుంటూ తిరిగాను, పంపడానికి మనసు ఒప్పలేదు.

దారిలో పోతే ఎవరిచ్చుకుంటారు అన్నది ఒక భయం. రెండోది, ల్యాబువాళ్ళ నిబంధనల్లో ఉంది, సినిమా గానీ టీవీ కార్యక్రమం గానీ కనిపిస్తే కాపీరైట్ అని అక్కడితో ఆపేసి వెనక్కి పంపుతారట. మన టేపుల సంగతి వాళ్ళకేం తెలుసు? మన ఇళ్ళలో సినిమా టేపు వెనకున్న చిన్న రంధ్రానికి సెల్లోటేప్ అంటించి దాని మీదే పుట్టినరోజు రికార్డు చేసేవాళ్ళం. ముందు పావుగంట ఫైటింగు, తర్వాత అన్నప్రాసన, తర్వాత మళ్ళీ క్లైమాక్స్. ల్యాబులో కుర్రాడు మొదటి ఫైటు చూసి ఆపేస్తే ఆ అన్నప్రాసన ఏమైపోవాలి?

టేపు ఎక్కించేటప్పుడు నేను చూస్తూ కూర్చుంటాను, చూడాల్సిన అవసరం లేకపోయినా. అప్పట్లో ఇండియాకి ఫోన్ నిమిషానికి డాలరు పైనే, అందుకని ఉత్తరం బదులు క్యాసెట్ తీసి ఊరెళ్ళేవాళ్ళ చేతికిచ్చేవాళ్ళు. ఒక టేపులో ఒకాయన అమ్మకి చూపించడానికి ఫ్రిజ్ తలుపు తీసి పాల గ్యాలన్, గుడ్ల అట్ట, ఆరెంజ్ జ్యూస్ ఒక్కొక్కటీ బయటికి తీసి కెమెరాకి చూపిస్తాడు, తర్వాత బయటికొచ్చి గరాజ్ తలుపు బటన్ నొక్కి పైకి, మళ్ళీ నొక్కి కిందికి, "చూశావా అమ్మా, చెయ్యి పెట్టక్కర్లేదు" అంటాడు. ఇంకొకదాంట్లో సియర్స్ దుకాణంవాళ్ళ క్యాటలాగ్ పేజీలు తిప్పుతూ "నాన్నకి ఈ స్వెటరా, ఆ స్వెటరా" అని వేలు పెట్టి అడుగుతుంది ఒకావిడ. ఆ లావుపాటి క్యాటలాగ్ 1993లో ఆపేశారు. వెనకాల గోడ ఫోన్ మోగితే, మెలికల తీగని వంటింట్లోంచి హాల్ దాకా సాగదీసుకుంటూ వస్తారు. టీవీ కింద వీసీఆర్ గడియారం 12:00 అని కొట్టుకుంటూనే ఉంటుంది, దాని టైమ్ పెట్టడం ఏ ఇంట్లోనూ ఎవరికీ రాలేదు. లిబర్టీ స్టేట్ పార్క్‌లో పిల్లాడు పరిగెడుతుంటే వాడి వెనక, నీళ్ళకి అవతల ట్విన్ టవర్స్ ఉంటాయి.

ఆ రోజులే బాగుండేవి అని నేననను. గోంగూర దొరక్క పాలకూరలో నిమ్మకాయ పిండుకున్న రోజులవి. శుక్రవారం సాయంత్రం మన షాపులో కొత్త సినిమా కోసం రెండు డాలర్లు పట్టుకుని నిలబడినవాళ్ళకి ఇచ్చింది కూడా ఏమంత గొప్ప ప్రింటు కాదు: టీ-120 క్యాసెట్‌లో మామూలు స్పీడులో రెండు గంటలే పడుతుంది, ఇంగ్లీషు సినిమాకి సరిపోతుంది, మన సినిమా రెండున్నర గంటలు, అందుకని స్లో స్పీడులో ఎక్కించేవాళ్ళు, హీరో మొహం అలుక్కుపోయి ఉండేది. అయినా సోమవారం రివైండ్ చెయ్యకుండా తెచ్చిచ్చేవారు, మీరే. క్యాసెట్లు అద్దెకిచ్చే అంత పెద్ద బ్లాక్‌బస్టర్ కంపెనీ 2010లో దివాలా పిటిషన్ వేసింది, నా వెనక గది ఇంకా తెరిచే ఉంది, ఇది కొంచెం గర్వంగానే చెప్తున్నాను.

కాబట్టి పెట్టెలు విప్పేశాను. మా అబ్బాయి రెండు రోజులు మాట్లాడలేదు. చచ్చిపోయిన ఏజీ-డబ్ల్యూ1లోని డ్రమ్ బాగానే ఉంది, అది తీసి రెండోదాంట్లో వేశాను, నాలుగు రాత్రిళ్ళు పట్టింది, ఇప్పుడు బొమ్మ నిలకడగా వస్తోంది. పాల్ టేపులకి ఉన్నది ఒక్కటే మెషిన్, దాన్ని రోజంతా తిప్పితే ఇదీ పోతుంది, అందుకని రోజుకి రెండు టేపులే చేస్తాను. ఇచ్చిన తేదీ వరసలోనే చేస్తాను, ఎవరు ఫోన్ చేసినా వరస మారదు, చుట్టాలకైనా సరే. తెల్లగా బూజు పట్టినవి అన్నిటికన్నా చివర, ఆ బూజు హెడ్‌కి అంటుకుంటే మిగతావాళ్ళ టేపులు దెబ్బతింటాయి. పాల్ టేపులు కొత్తగా దసరా దాకా తీసుకోను. ఆ తర్వాత ఇచ్చే వాటికి ఇరవై డాలర్లు కాదు, ముప్ఫై. ఎక్కువ అనిపిస్తే ల్యాబుకి పంపుకోండి, ఏమీ అనుకోను. (అనుకుంటాను, కానీ పైకి చెప్పను.) ఇప్పటికే ఇచ్చినవాళ్ళకి పాత రేటే. ఆగలేనివాళ్ళు వచ్చి టేపులు, అడ్వాన్స్ రెండూ తీసుకెళ్ళొచ్చు. అమెరికా టేపులు, చిన్న క్యామ్‌కార్డర్ టేపులు ఎప్పటిలాగే వారంలో ఇస్తాను.

ఇంకో మాట, మొహాలు కంప్యూటర్‌తో నున్నగా చేసివ్వమని అడుగుతున్నారు. చెయ్యను. ఒకసారి చేయించి చూశాను, పెద్దావిడ మొహం మీద అమ్మవారు పోసిన మచ్చలు మాయమైపోయి ఎవరో కొత్త మనిషి కూర్చున్నట్టుంది. టేపులో ఏముంటే అదే వస్తుంది.

చిన్న వీహెచ్ఎస్-సీ క్యాసెట్లు తెచ్చేవాళ్ళు, వాటిని మామూలు వీసీఆర్‌లో పట్టేలా చేసే అడాప్టర్ ఉంటే దాంట్లోని బ్యాటరీ తీసేసి తీసుకురండి, కారి తుప్పు పట్టినవి చూసీ చూసీ విసుగొచ్చింది. ఎవరి గరాజ్‌లోనైనా మల్టీ సిస్టమ్ వీసీఆర్ పడి ఉంటే చెత్తలో వెయ్యొద్దు. పనిచెయ్యకపోయినా కొంటాను, కానీ మూత నా ముందే విప్పాలి.