ఆట గురించి రాసేముందు ఆడి చూడాలి

సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ అనుబంధంలో వీడియో గేములపై వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. రమ్మీ పందేల్లో అప్పులపాలైన కుటుంబాల కథతో మొదలైన ఆ వ్యాసం, రెండు పేరాలు దాటేసరికి తుపాకులతో దయ్యాలను కాల్చే ఆటలన్నింటినీ అదే గాటన కట్టి, వాటిలో రక్తపాతం తప్ప మరేమీ ఉండదని తేల్చేసింది. డబ్బు పందేల ఆటల సంగతి వేరు; వాటిని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టమే చేసింది. నేను మాట్లాడదలచుకున్నది రెండో రకం ఆటల గురించి. ముప్ఫై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన నేను, ఈ వేసవిలో అటువంటి ఆట ఒకటి మొదటి నుంచి చివరిదాకా స్వయంగా ఆడాను కాబట్టి, ఆ తీర్పు చదివి ఊరుకోలేకపోయాను.

మా అమ్మాయి మాదాపూర్‌లో ఒక గేమింగ్ స్టూడియోలో పనిచేస్తుంది. కంప్యూటర్‌లో తయారైన రాక్షస రూపాలకు చర్మం, మచ్చలు, గాయాలు చిత్రించడం ఆమె ఉద్యోగం. ఆ పని ఏమిటో నాకు అర్థం కావడం లేదని అన్నప్పుడు, వివరించడం మాని కంట్రోలర్ నా చేతిలో పెట్టింది. ఒక బొటనవేలితో నడక, రెండో బొటనవేలితో చూపు, చూపుడువేలితో కాల్పు. ఈ మూడూ కుదరడానికే వారం పట్టింది. రాత్రి భోజనాలయ్యాక రోజుకు గంట చొప్పున ఆడుతూ, నెల తిరిగేసరికి ఆట పూర్తిచేశాను.

ఆ ఆట పేరు ‘షాడోస్ ఆఫ్ ది డ్యామ్డ్’. టోక్యోలోని గ్రాస్‌హాపర్ మాన్యుఫాక్చర్ సంస్థ రూపొందించగా 2011 జూన్‌లో తొలిసారి వెలువడింది; మేము ఆడినది 2024 అక్టోబరులో విడుదలైన మెరుగుపరచిన కూర్పు. కథ ఆ సంస్థ వ్యవస్థాపకుడు గోయిచి సుదాది. 1996లో ‘రెసిడెంట్ ఈవిల్’తో భయానక ఆటలకు ఒరవడి దిద్దిన షింజి మికామి దీని రూపకల్పనలో పాలుపంచుకున్నారు, ‘సైలెంట్ హిల్’ అనే మరో భయానక ఆటకు సంగీతం సమకూర్చిన అకిరా యమవోకా దీనికీ సంగీతం ఇచ్చారు. ఇంత పేరున్న ముగ్గురు ఒక సినిమాకు కలిసి పనిచేస్తే మీ సినిమా పేజీ దాన్ని విశేషంగానే రాసి ఉండేది.

కథ చిన్నదే. గార్సియా హాట్‌స్పర్ అనే మెక్సికో దేశపు దయ్యాల వేటగాడి ప్రియురాలు పౌలాను దయ్యాల రాజు ఫ్లెమింగ్ ఎత్తుకుపోతాడు. ఆమె కోసం గార్సియా నరకంలోకి దిగుతాడు. వెంట వెళ్లేది జాన్సన్ అనే మాట్లాడే పుర్రె. దారి చూపే కాగడా ఆ పుర్రే, పేలే పిస్తోలూ ఆ పుర్రే, అవసరమైనప్పుడు మోటారుసైకిలూ అదే. భుజాన శవాన్ని మోస్తూ, అందులోని భేతాళుడు చెప్పే కథలు వింటూ శ్మశానం వైపు నడిచిన విక్రమార్కుణ్ణి చిన్నప్పటి నుంచి ఎరిగిన మనకు ఈ జంటను అర్థం చేసుకోవడం కష్టం కాదు. విక్రమార్కుడు మౌనం వీడితే శవం తిరిగి చెట్టెక్కేది. ఇక్కడ మాత్రం ఇద్దరూ ఎడతెగకుండా మాట్లాడుకుంటూనే నరకమంతా దాటుతారు.

ఈ ఆటలో చీకటిని ఒక పదార్థంలాగా వాడారు. చీకటి కమ్మిన చోట గార్సియా ఎక్కువసేపు నిలవలేడు, కాసేపటికే అతని ప్రాణం క్షీణించడం మొదలవుతుంది. చీకటి పూసుకున్న దయ్యాన్ని మామూలు గుండు ఏమీ చేయలేదు. ముందు వెలుగు గుండుతోనో కాగడా దెబ్బతోనో ఆ పూత వదిలించి, ఆ తర్వాతే కాల్చాలి. అంతటా అలముకున్న చీకటి పోవాలంటే, గోడకు తగిలించిన మేక తల ఎక్కడుందో వెతికి దానిమీద వెలుగు గుండు పేల్చాలి. ఒక రాత్రి నాకు ఎదురైన సందులో ఆ మేక తల అవతలి చివరన ఉంది, మధ్యలో దయ్యాలున్నాయి, ఊపిరి తగ్గిపోతోంది. దయ్యాలను తప్పించుకుని పరుగెత్తాలా, నిలబడి ఒక్కొక్కదాని పూత వదిలించాలా అన్నది ఆ కాస్త సమయంలోనే తేల్చుకోవాలి. నాలుగుసార్లు చనిపోయి ఐదోసారి దాటాను. ఇటువంటి ఆటల్లో వేలు తప్ప బుద్ధి పనిచేయదని రాసినవారు ఆ సందులో ఒక్కసారి నిలబడి ఉంటే ఆ వాక్యం రాసేవారు కాదని నా నమ్మకం.

ఇక నవ్వు సంగతి. మూసి ఉన్న గుమ్మాలకు పసిపిల్లల ముఖాలున్న దయ్యాలు కాపలా. ఒకదానికి స్ట్రాబెర్రీ పండు, ఒకదానికి మెదడు, మరొకదానికి కనుగుడ్డు వెతికి తెచ్చి పెడితేనే తలుపు తీస్తాయి. గాయాలకు మందు సారాయి. దారిలో అక్కడక్కడ కథల పుస్తకాలు కనిపిస్తాయి. ముందుముందు ఎదురుకాబోయే పెద్ద దయ్యం ఒకప్పుడు ఎలా బతికి, ఎలా ఆ గతికి వచ్చిందో వాటిలో ఉంటుంది. పిల్లల కథల ధోరణిలో ఉన్న ఆ ఘోరమైన వృత్తాంతాలు వింటుంటే నవ్వు వస్తుంది, విన్నాక ఆ దయ్యాన్ని కాల్చడానికి చేయి ఆగుతుంది. శృంగారం నుంచి హాస్యం, బీభత్సం నుంచి భయానకం పుడతాయని మన అలంకారికులు చెప్పిన మాటను తరగతిలో ఎన్నో ఏళ్లు వల్లెవేయించాను. బీభత్సం ఒకే క్షణంలో భయాన్నీ నవ్వునూ కూడా పుట్టించగలదని, పైగా ఆ రెండింటికీ అడుగున జాలి మిగలగలదని ఈ ఆటలో అనుభవానికి వచ్చింది.

నడుమ ఒకచోట దృశ్యమంతా కాగితపు బొమ్మల తెరగా మారిపోతుంది. గార్సియా కత్తిరించిన బొమ్మలా గాలిలో తేలుతూ, పక్కవాటుగా సాగుతూ దయ్యాలను కాలుస్తాడు. అది చూడగానే నాకు తోలుబొమ్మలాట గుర్తొచ్చింది. రామరావణ యుద్ధం ఉద్ధృతంగా సాగుతుండగా కేతిగాడు, బంగారక్క తెరమీదికి వచ్చి పచ్చి మోటు హాస్యంతో జనాన్ని పొట్టచెక్కలయ్యేట్టు నవ్వించిన సంప్రదాయం మనది. ఆ మోటుతనాన్ని చూసి తోలుబొమ్మలాట మొత్తాన్ని ఎవరూ కొట్టిపారేయలేదు.

అయితే ఈ ఆటను నేను పూర్తిగా సమర్థించడం లేదు. ఆయుధాల పేర్లతో సహా ఇందులోని హాస్యంలో సగం బూతు శ్లేషలే, వాటిలో చాలావాటికి నవ్వు రాదు. అంతకన్నా నన్ను బాధించినది పౌలా చిత్రణ. గార్సియా కళ్లెదుట ఆమె మళ్లీ మళ్లీ చనిపోతుంది; ఆ చావుల్లో కూడా ఆమె శరీరాన్ని ప్రదర్శన వస్తువుగానే చూపారు. తోడున్న పుర్రెకు ఇచ్చినంత మాట, బుద్ధి ఆ స్త్రీకి ఇవ్వలేదు. ఈ విషయంలో మా అమ్మాయికీ నాకూ రెండు రోజులు వాదన జరిగింది. అటువంటి వాదన మీ పుటల్లో జరగాలని నా కోరిక.

ఎందుకంటే మా వీధి చివర గంటకింతని తీసుకుని ఆడనిచ్చే ఒక చిన్న గేమింగ్ దుకాణం ఉంది. సాయంత్రం బడి దుస్తులతోనే వచ్చిన పదకొండు, పన్నెండేళ్ల పిల్లలు ఇదే ఆట ఆడుతుండగా నేను చూశాను. అమెరికాలో ఇది పదిహేడేళ్లు దాటినవారికి, యూరప్‌లో పద్ధెనిమిదేళ్లు దాటినవారికి అని వర్గీకరించిన ఆట. దుకాణదారును అడిగితే తనకు తెలియదన్నాడు. ఆ పిల్లల్లో ఒకడి తల్లి నాకు పరిచయస్తురాలే, చెబితే ఆమె నొచ్చుకుని, “దాంట్ల ఏముందో మాకెవరు చెప్తరు మేడం? సినిమా అయితే పోస్టర్ మీదనే రాసి ఉంటది కదా” అన్నది. ఆ తల్లి మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది. సినిమాలకు సెన్సార్ బోర్డు ఉంది. 2023 చట్ట సవరణతో ఏడు, పదమూడు, పదహారేళ్ల వయసులను బట్టి ధ్రువపత్రాలు కూడా వచ్చాయి. వీడియో గేములకు మన దేశంలో అటువంటి వ్యవస్థ లేదు. ఆ లోటున్న చోట ‘అన్నీ చెడ్డవే’ అనే వ్యాసం ఆ తల్లికి ఏ విధంగానూ ఉపయోగపడదు. అన్నీ చెడ్డవే అయినప్పుడు ఏది పద్ధెనిమిదేళ్లకు, ఏది పదేళ్లకు అన్న ప్రశ్నే పుట్టదు.

యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం 2016లోనే ప్రత్యేక విధానం ప్రకటించిన రాష్ట్రం మనది. మా అమ్మాయి వంటి యువత ఈ నగరంలో ఆ పనిమీదే బతుకుతున్నారు. వారు చేసే పని గురించి తెలుగులో చదవడానికి ఏమీ లేదు, నేరవార్తల్లో తప్ప.

కాబట్టి ఆదివారం అనుబంధంలో నెలకు ఒక్కసారైనా ఒక ఆటను చివరిదాకా ఆడినవారిచేత సమీక్ష రాయించవలసిందిగా కోరుతున్నాను. ఎవరు తయారు చేశారు, ఏ వయసువారికి తగినది, ఎందులో గొప్పది, ఎక్కడ దిగజారింది అన్నవి అందులో ఉండాలి. మొదటి సమీక్షకు తగినవారు దొరకకపోతే, ఈ ఆట గురించి రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకురాలు,
నల్లకుంట, హైదరాబాద్