పాము రాయి ఉన్న తాతలతో మాట్లాడండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది నాగావళి ఒడ్డున ఒక పల్లె. మొన్న కోతల్లో మా చిన్నాన్న కళ్లంలో ధాన్యానికి కాపలా ఉండి నేల మీదే పడుకుంటే కట్లపాము కరిచింది. అది కరిస్తే పెద్దగా నొప్పి ఉండదు, వాపూ ఉండదు, చీమో పురుగో అనుకుని ఊరుకున్నాడు. వేకువన కడుపునొప్పి అన్నాడు, కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. అప్పుడైనా ఆటో ఆస్పత్రి వైపు తిప్పామా అంటే లేదు, పక్క ఊళ్లో పాము రాయి, అంటే కాటు మీద పెడితే విషం లాగేస్తుందని జనం నమ్మే రాయి, ఉన్న తాతగారింటికే తీసుకెళ్లాం.

ఆ రాయి చింతపిక్కంత ఉంటుంది. నల్లగా, నున్నగా, చేతిలో పెడితే బరువే తెలీదు. బ్లేడుతో గాటు పెట్టి ఆనిస్తే జలగలా పట్టేసింది. తర్వాత పాలలో వేస్తే బుడగలొచ్చాయి, విషం కక్కుతోంది అన్నారు, నేనూ నమ్మాను. నిజానికి ఈ రాళ్లు చాలావరకు కాల్చిన పశువుల ఎముకలేనని తర్వాత డాక్టరుగారు చెప్పారు. సన్నటి రంధ్రాలుంటాయి కాబట్టి తడికి అతుక్కుంటుంది, పాలలో వేస్తే లోపలి గాలి బయటికొస్తుంది, అంతే. ఒంట్లోకి ఎక్కిన విషాన్ని అది లాగలేదు. మరి ఇన్నాళ్లూ బతికినవాళ్లో? కరిచే పాముల్లో చాలావాటికి విషమే ఉండదు, విషప్పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండా కరుస్తుంది.

మాకు అక్కడ గంటన్నర పోయింది. పెద్దాస్పత్రికి చేరేసరికి ఊపిరి అందట్లేదు, యాంటీ వెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఎక్కించి వెంటిలేటర్ మీద పెడితే బతికాడు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే మందు, పామును చంపి పట్టుకెళ్లాల్సిన పని కూడా లేదు. ఇదైనా మాకు ముందు ఎవరూ చెప్పలేదు.

పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో ప్రణాళిక ప్రకటించింది. అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఆ తాతగారు మా దగ్గర పైసా తీసుకోలేదు, ఆయన్ని మోసగాడు అంటే ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. రాత్రిపూట జనం ముందు పరిగెత్తేది ఆయన దగ్గరికే. అందుకే ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు వెళ్లి ఆయనలాంటి వాళ్ల దగ్గర కూర్చోవాలి. రెప్పలు వాలితే ఏమిటో, 108కి ఎందుకు ఫోన్ చేయాలో మర్యాదగా చెప్పాలి. చిన్నాన్న ఇంటికొచ్చాక నేను ఆ తాతగారి దగ్గరికి వెళ్లి ఇదంతా చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "ఇక ఎవరొచ్చినా ముందు బండెక్కిస్తానురా బాబూ" అన్నారు.

– ఒక రైతు, శ్రీకాకుళం జిల్లా