మండపం ఒప్పుకునే ముందు

ఆల్స్‌మేర్, నెదర్లాండ్స్

చి. సౌ. సుజాతకి,

అప్ప దీవించి రాయునది. ఇక్కడ మేమంతా కులాసా. అమ్మ మోకాలికి ఆ నూనె రాయడం మానొద్దని చెప్పు. మరిదిగారికి, పిల్లలకి ఆశీస్సులు.

మిల్లు ఆఫీసులో లెక్కలు వదిలి పూల పని పెట్టుకున్నావు, జడలు, దండలు బాగా నడుస్తున్నాయి, ఇప్పుడు పెళ్లి మండపాలు కూడా ఒప్పుకుంటానన్నావు. చాలా సంతోషం. నువ్వు పంపిన ఫొటోలు చూశాను, నీ చేతిలో రంగుల పొందిక ఉంది. దాని గురించి నేను చెప్పేదేం లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అందం దగ్గర దెబ్బతినరు. బస్తా దిగిన గంట నుంచి ముహూర్తం గంట దాకా పూవుని బతికించడం దగ్గర, తరుగు లెక్కలో వేసుకోకుండా రేటు చెప్పేయడం దగ్గర దెబ్బతింటారు. ఆ రెండింటి గురించే ఈ ఉత్తరం.

ఇక్కడి పూల వేలం గురించి నువ్వు వినే ఉంటావు. గడియారం మీద ధర పైనుంచి కిందికి దిగుతూ ఉంటుంది, ముందు మీట నొక్కినవాడిదే సరుకు. కెన్యా, ఇథియోపియాల్లో కోసిన గులాబీలు విమానంలో వచ్చి ఇక్కడ అమ్ముడవుతాయి. అంత దూరం వచ్చినా నిలబడుతున్నాయంటే కారణం చల్లదనం, శుభ్రమైన నీళ్లు, అంతే. బెంగళూరు, హోసూరు గులాబీ విజయనగరం రావడానికి ఒక్క రోజు చాలు. అయినా మన దగ్గర మండపంలో మెడ వాల్చేస్తుందంటే లోపం పూవుది కాదు, దింపుకున్న తీరుది.

గులాబీ 20 కాడల కట్టలుగా వస్తుంది. పెట్టెని ఎండలో విప్పొద్దు. మొగ్గల చుట్టూ ఉన్న అట్ట కాగితం అలాగే ఉంచి, కింద నీళ్లలో మునిగే ఆకులు మాత్రం తీసెయ్యి. కాడని 2, 3 సెంటీమీటర్లు ఏటవాలుగా, పదునైన కత్తితో కొయ్యి. మొద్దు కత్తెరతో కోస్తే కాడ నలిగి నీరు ఎక్కే దారులు మూసుకుపోతాయి. కోసిన వెంటనే బకెట్లో పెట్టాలి, ఆలస్యమైతే కోతలోకి గాలి చొరబడి నీటికి అడ్డం పడుతుంది. మెడ వాలడానికి మొదటి కారణం అదే. 15 సెంటీమీటర్ల లోతు నీళ్లలో 4 గంటలు కదపకుండా వదిలెయ్యి. అప్పటికీ వాలినవి ఉంటే కాడని నీళ్ల అడుగునే మళ్లీ కోసి, 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అరగంట ఉంచు. చాలావరకు లేస్తాయి. లేవనివి రేకలు తీసి పళ్లేల్లోకి వాడుకో.

రెండో కారణం బాక్టీరియా. నిన్నటి బకెట్ ఊరికే నీళ్లతో కడిగి వాడితే అందులో పట్టిన క్రిముల జిగురే ఇవాళ్టి కాడల్లోకి పోతుంది. ప్రతిసారీ సబ్బుతో కడుగు, ఇనుప బకెట్లు వద్దు, ప్లాస్టిక్‌వి చాలు. పూల మందు పొట్లాలు దొరక్కపోతే లీటరు నీళ్లకి ఒక టీ చెంచా పంచదార, 2 చెంచాల నిమ్మరసం, అర చెంచా బ్లీచ్ ద్రావణం కలుపు. పంచదార పూవుకి తిండి, నిమ్మరసం నీటిని తొందరగా ఎక్కిస్తుంది, బ్లీచ్ క్రిముల్ని ఆపుతుంది. ఒక్క జాగ్రత్త: నిమ్మరసం, బ్లీచ్ నేరుగా ఒకదాన్లో ఒకటి పోయొద్దు, ఘాటైన విషవాయువు వస్తుంది. ఒకటి నీళ్లలో పూర్తిగా కలిపాకే రెండోది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే గులాబీల మట్టుకైనా మంచినీళ్ల క్యాన్ తెప్పించు.

జెర్బెరాకి ఈ పద్ధతి వేరు. దాని కాడ మీద నూగు ఉంటుంది, లోతు నీళ్లలో పెడితే కుళ్లుతుంది. 5 సెంటీమీటర్ల నీళ్లు చాలు. స్టేజీ వెనక గోడకి కుచ్చేటప్పుడు తల బరువుకి కాడ వంగకుండా సన్నటి తీగ చుట్టు. గ్లాడియోలస్‌ని పడుకోబెడితే కొసలు పైకి వంకర తిరుగుతాయి, ఎప్పుడూ నిలబెట్టే ఉంచు.

బంతి, చామంతి విషయంలో మన వాళ్లు అలవాటుగా చేసే పని ఒకటుంది. బస్తా దిగగానే వాడిపోతాయని నీళ్లు చిలకరించి మళ్లీ మూటకడతారు. కోసిన పూవు కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది, మూటలో వేడెక్కుతుంది. ఆ వేడికి తడి తోడైతే తెల్లారేసరికి మధ్యలో పూలన్నీ నల్లబడి బూజు వాసన కొడతాయి. బస్తా దిగిన వెంటనే నీడలో, టార్పాలిన్ మీద పలచగా పరిచెయ్యి. తడిగా ఉంటే ఫ్యాన్ వేసి ఆరబెట్టు. చిలకరించడం దండలు మండపం ఎక్కాకే.

చల్లటి గది గురించి అడిగావు. ఇప్పుడే శీతల గది కట్టించే ఖర్చు పెట్టుకోకు. పది అడుగుల చదరం గది, టన్నున్నర ఏసీ, 18 డిగ్రీలు, కిటికీలకి నల్ల గుడ్డ. రెండు రోజులకి ఇది సరిపోతుంది. గోనెపట్టాలు తడిపి వేలాడదీయడం మన వైపు పెద్దగా పని చెయ్యదు, సముద్రపు గాలిలో చెమ్మ ఎక్కువ కదా. కూల్‌డ్రింకుల షాపుల్లో ఉండే అద్దాల ఫ్రిజ్ పాతది ఒకటి దొరికితే 4 డిగ్రీల దగ్గర పెట్టి గులాబీలు, కార్నేషన్లు దాచుకో. ఆర్కిడ్లు, ఆంథూరియాలు మాత్రం అందులో పెట్టొద్దు. అవి వేడి దేశాల పూలు, 12 డిగ్రీల కంటే కిందికి పోతే మచ్చలు పడి నల్లబడతాయి.

ఆ ఫ్రిజ్‌లో గానీ గదిలో గానీ పళ్లు ఉండకూడదు. పండుతున్న అరటి, మామిడి నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది. కార్నేషన్ దానికి ఒక్క రాత్రిలో ముడుచుకుపోతుంది, ఆర్కిడ్ రేకలు రాలుస్తుంది. మన పెళ్లి మండపానికి గెలతో ఉన్న అరటిచెట్లు కట్టడం ఆనవాయితీ. కట్టండి, కానీ పచ్చి గెలలే తెప్పించు, కార్నేషన్లు దూరంగా అమర్చు. జనరేటర్ పొగలో కూడా ఆ వాయువే ఉంటుంది, పూల వ్యాన్ దాని పక్కన ఆపనివ్వకు.

పూలు కుచ్చే పచ్చ ఫోమ్ ఇటుకల మాట. నీటి మీద వదిలితే దానంతటదే మునగాలి. చేత్తో అదిమితే పైన తడిసి లోపల పొడిగా ఉండిపోతుంది, ఆ పొడి భాగంలో గుచ్చిన పూవు గంటల్లో వాలుతుంది. ఒకసారి గుచ్చిన చిల్లులో మళ్లీ గుచ్చొద్దు. 23 సెంటీమీటర్ల మామూలు ఇటుక సుమారు 2 లీటర్లు తాగుతుంది, అంటే ఆర్చి మీద 20 ఇటుకలు పెడితే 40 కిలోల బరువు. వెదురు కట్టే మనిషికి ఈ అంకె ముందే చెప్పాలి. అయితే అది ప్లాస్టిక్, మట్టిలో కలవదు. బ్రిటన్ ఉద్యాన సంఘం ఆర్‌హెచ్‌ఎస్ తన పూల ప్రదర్శనల్లో 2021 నుంచి దాన్ని నిషేధించింది. మనకి అంతకంటే మంచిది ఇంటి వెనకే ఉంది. అరటి బోదెని మూరెడు ముక్కలుగా కోసి, ఇనుప చువ్వతో బెజ్జాలు పెట్టి గుచ్చుకుంటే ఒక రాత్రికి చెమ్మ చక్కగా ఇస్తుంది. దాని కర పట్టుబట్టకి అంటితే మాత్రం వదలదు, కోసిన వైపు పాలిథిన్ చుట్టు. పీటల దగ్గర అది వాడకు.

ఇక డబ్బు. బంతి మాల ఎంత పడుతుందో ఎవరినీ అడగొద్దు, తూచుకో. పూవు మందం 3 సెంటీమీటర్లనుకుంటే మీటరుకి 33 పూలు, పూవు 6 గ్రాములైతే మీటరు 200 గ్రాములు. 120 మీటర్ల మండపానికి 24 కిలోలు. అందులో నలిగినవి, చిన్నవి పోతాయి గనక 15 శాతం కలిపి 28 కిలోలు తెప్పించాలి. కడియపులంక నుంచి వచ్చినా, కోల్‌కతా సరుకైనా ప్రతి లోడుకీ మళ్లీ ఇలాగే తూచు, పూవు సైజు మారుతుంది.

ఒక మండపానికి పూలు 18,000 రూపాయలనుకో. తరుగు 12 శాతం వేస్తే 2,160. ఆరుగురు మనుషులు, రెండేసి పూటలు, పూటకి 600 చొప్పున 7,200. బండి 2,500. గుడ్డలు, స్టాండ్ల అరుగుదల 2,000. తెల్లారి విప్పి చెత్త ఎత్తించడానికి 1,200. మొత్తం 33,060. పూల ఖర్చుకి రెట్టింపు అని 36,000 చెబితే నీకు మిగిలేది 2,940, అందులోంచే గది అద్దె, కరెంటు. ఇలాంటి పనికి 46,000 కంటే తక్కువ చెప్పొద్దు. రేటు తగ్గించమంటే మీటర్లు తగ్గించు, రేటు కాదు. దీనికి నీ మిల్లు అనుభవమే నీకు అండ, కట్టలో ఒక్క కాడ పోయినా రాసే అలవాటు చాలామంది పూలవాళ్లకి లేదు.

ఒప్పందం కాగితం మీద పూవు పేరు రాయకు. రంగు, మీటర్లు, ఎత్తు రాయి. శ్రావణ శుక్రవారాలకి, దసరాకి ఒక్క రోజులో ధర రెట్టింపైతే, పసుపు బంతి బదులు పసుపు చామంతి వేసుకునే వీలు నీకు ఉండాలి. సగం డబ్బు ఒప్పుకున్న రోజు, మిగతా సగం పూలు ఆర్డరు పెట్టకముందే. పెళ్లయ్యాక ఇస్తామంటే మర్యాదగానే కాదను. అప్పగింతల మర్నాడు ఎవరు ఎక్కడుంటారో వెతుక్కోవడం నీ పని కాదు.

రాత్రి పదిన్నర ముహూర్తమైతే ఇలా పెట్టుకో: రెండు రోజుల ముందు పొద్దున్న గులాబీలు దిగాలి, ముందు రోజు పొద్దున్న బంతి, ఆ సాయంత్రం మాలలు. పెళ్లి రోజు పొద్దున్న వెదురు, గుడ్డలు. మధ్యాహ్నం బంతి మాలలు. నాలుగు దాటాకే గులాబీలు. మల్లె మాత్రం మొగ్గగానే కట్టించి, తడి గుడ్డలో చుట్టి ఉంచి, ఆరు తర్వాత వేలాడదియ్యి, ఆ వేళకే విచ్చుకుంటుంది.

ఆషాఢం, భాద్రపదం, పుష్యం, పైన మూఢం రోజులు పెళ్లిళ్లుండవు. మూడు నెలల అద్దె, కరెంటు విడిగా ఖాతాలో పక్కన పెట్టు. గుళ్లకి రోజువారీ దండలు వదలకు, ఆ నెలల్లో ఇల్లు గడిపేవి అవే. విజయదశమి తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర, ఆ వారంలో మాలలు కట్టేవాళ్లు దొరకరు, నెల ముందే బయానా ఇచ్చెయ్యి. రథసప్తమికి అరసవిల్లి వైపు కూడా అంతే, పైగా అది మాఘం, ముహూర్తాలు కూడా అప్పుడే.

ఉద్యం, అంటే చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ నమోదు, ఉచితం, ఏజెంటుకి డబ్బులివ్వకు. చిన్న వ్యాపారాలకి బ్యాంకులిచ్చే ముద్ర రుణంలో శిశు అనే మెట్టు కింద 50,000 దాకా, కిశోర్ అనే మెట్టు కింద 5 లక్షల దాకా ఇస్తారు. ఏసీకి, పాత ఫ్రిజ్‌కి, బకెట్లకి మొదటిది దగ్గర దగ్గర సరిపోతుంది. అలంకరణ సేవ కిందికి వస్తుంది గనక ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ తప్పదు, అది గుర్తుంచుకో.

పంచాంగం చూసి మాఘంలో వరసగా రెండు రోజులు ముహూర్తాలున్న తేదీలు రాసి పంపు. ఆ రోజులకి ఎన్ని బకెట్లు, ఎంతమంది మనుషులు కావాలో వేసి పంపుతాను. నాన్నకి నమస్కారాలు.

మీ అప్ప