ఆషాఢం విరామంలో మా కస్టమర్లకు: చిట్లిన అంచులు, ఊడిన తలకట్లు

పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు లేని ఆషాఢ మాసం మా వంటి చిన్న లేజర్ కటింగ్ దుకాణాలకు యంత్రాన్ని విప్పి శుభ్రం చేసుకొనే కాలం, పాత లెక్కలు సరిచూసుకొనే కాలం. ఈసారి లెక్కలతో పాటు, వైశాఖ జ్యేష్ఠ మాసాలలో మా వద్ద నేమ్ ప్లేట్లు చేయించుకున్నవారికి చెప్పవలసిన సంగతి కూడా ఒకటి మిగిలిపోయింది. ఆ రెండు నెలలలో విజయవాడలోని మా దుకాణం నుంచి వెళ్ళిన యాక్రిలిక్ (గాజులా మెరిసే గట్టి ప్లాస్టిక్) ఫలకాలలో కొన్నింటి అంచులు చిట్లాయి; మరికొన్నింటిలో తెలుగు అక్షరాల భాగాలు ఊడిపోయాయి. మీ వాడకంలో పొరపాటేమీ లేదు. రెండింటికీ కారణం మా పనిలోనే ఉన్నది.

మొదటి ఫలకం తిరిగి వచ్చినప్పుడు నాకు ఆ మాట తోచలేదు. దాని అంచు పొడుగునా, బిగించడానికి చేసిన రంధ్రాల చుట్టూ, వెంట్రుకల వంటి సన్నని చీలికలు సాలెగూడులా అల్లుకొని ఉన్నాయి. కింద పడిందా అమ్మా అని అడిగాను. "పడలేదు బాబూ, గోడకు బిగించింది బిగించినట్టే ఉంది. మీ అబ్బాయే వచ్చి బిగించి, వేలిముద్రలు పోవాలని ఏదో మందుతో తుడిచి వెళ్ళాడు. తెల్లవారేసరికి ఇలా తేలింది" అన్నారావిడ. ఆ మందు స్పిరిటు. దుకాణంలో సీసా కొని పెట్టినదీ, తుడవమని చెప్పినదీ నేనే.

లేజర్ కిరణం రంపంలా కోయదు. కిరణం పడిన గీత వెంట యాక్రిలిక్ కరిగి ఆవిరైపోతుంది. మీరు మెచ్చుకొనే ఆ అద్దం వంటి మెరుపు అంచుకు వచ్చేది అందువల్లనే. అయితే అలా కరిగి, ఆ వెంటనే చల్లారిన అంచులో కంటికి కనబడని బిగువు ఒకటి చిక్కుకొని ఉంటుంది. స్పిరిటు, శానిటైజరు, థిన్నరు వంటివి తగిలితే ఆ బిగువు చీలికలుగా బయటపడుతుంది. అక్షరాలను ఫలకానికి అతికించడానికి మా వృత్తిలో ఎప్పటి నుంచో వాడుతున్న క్లోరోఫాం కూడా ఎక్కువైతే అదే పని చేస్తుంది.

దీనికి తోడు ఒప్పుకోవలసినది మరొకటి ఉన్నది. యాక్రిలిక్ షీటులో అచ్చు పోసి తయారుచేసే కాస్ట్ రకం ఒకటి, కరిగించిన ముద్దను యంత్రంలోంచి ఒత్తి తీసే ఎక్స్‌ట్రూడెడ్ రకం ఒకటి. రెండోది చవక, మందం అంతటా సమానంగా ఉంటుంది, తొందరగా తెగుతుంది. కానీ దాని మీద చెక్కిన గీత తెల్లగా తేలదు, ద్రావకం తగిలితే తొందరగా చిట్లుతుంది. మేము కాస్ట్ షీటే వాడతామని అడిగినవారందరికీ చెప్పేవాళ్ళం. వైశాఖం రద్దీలో ఆ షీటు నిండుకున్నప్పుడు, ముహూర్తం దగ్గర పడినవారిని తిప్పి పంపలేక, ఎక్స్‌ట్రూడెడ్ షీటుతో పని కానిచ్చాము. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, ధరా తగ్గించలేదు. అంచు చిట్లిన ప్రతి ఫలకానికీ బదులు కొత్తది ఉచితంగా చేసి ఇస్తాము. బిల్లు అవసరం లేదు, ఫలకం ఫోటో చాలు. చిట్లకపోయినా మీది ఏ రకం షీటో తెలుసుకోవాలనుకుంటే అడగండి; ఎక్స్‌ట్రూడెడ్ అయితే ధరలో తేడా తిరిగి ఇస్తాము.

ఇకపై కోసిన ఫలకాలను చిన్న అవెన్‌లో 80 డిగ్రీల వద్ద రెండు గంటలు ఉంచి, నెమ్మదిగా చల్లారనిచ్చిన తరువాతనే అతికించే పనికి తీసుకుంటాము. అందువల్ల ఒక రోజు ఆలస్యమవుతుంది, అంచులోని బిగువు మాత్రం చాలా వరకు సడలుతుంది. ఇంట్లో తుడవడానికి గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు కలిపిన నీళ్ళు, మెత్తని తడిగుడ్డ సరిపోతాయి. అద్దాలు తుడిచే ద్రవాలు వద్దు.

ఆ రెండు నెలలలో కొన్ని ఆర్డర్లు ఆలస్యంగా కూడా అందాయి. దానికి కారణం ఎండ. మా యంత్రంలో కిరణాన్ని పుట్టించేది కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపిన 80 వాట్ల గాజు ట్యూబు. దాని చుట్టూ తిరిగే నీళ్ళు చల్లగా ఉన్నంతసేపే కిరణానికి పదును. మా వద్ద ఇంతవరకు ఉన్న చిల్లర్ (ఆ నీళ్ళను చల్లబరిచే యంత్రం) పేరుకే చిల్లర్, నిజానికి ఫ్యాను బిగించిన రేడియేటరు. గది 40 డిగ్రీలుంటే నీళ్ళు అంతకన్నా చల్లబడవు. మే నెల మధ్యాహ్నాలలో ఎండీఎఫ్ (చెక్కపొట్టును ఒత్తి చేసిన పలక) ఒక్కసారికి తెగక రెండోసారి కిరణం తిప్పవలసి వచ్చింది, దానితో అంచులు బొగ్గులా నల్లబడ్డాయి. రిటర్న్ గిఫ్టులుగా ఇచ్చిన పసుపు కుంకుమ భరిణెలు పట్టుకుంటే వేళ్ళకు మసి అంటిందని ఇద్దరు చెప్పారు, అది నిజమే. తరువాత పని రాత్రుళ్ళకు మార్చాము, తేదీలు తప్పాయి. ఇప్పుడు కంప్రెసర్ ఉన్న చిల్లర్ కొన్నాము. 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఈ కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనిపెట్టిన కుమార్ పటేల్ బారామతిలో పుట్టి, పూణేలో ఇంజనీరింగ్ చదివినవారు. ఎండ ఎరిగిన మనిషి సృష్టికి మన ఎండ ఇంతగా గిట్టకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఇక తెలుగు అక్షరాల సంగతి. ఇంగ్లీషు పేరు కోయడం తేలిక, ఏ అక్షరానికి ఆ అక్షరం దాదాపు ఒకే ముక్కగా వస్తుంది. తెలుగు అలా కాదు. 'పద్మావతి నిలయం' అని రాస్తే చదివేవారికి కనిపించేవి 7 అక్షరాలు. మా బల్ల మీదికి వచ్చేవి 10 ముక్కలు. 'ప' మీది తలకట్టు ఒంటిని తాకకుండా గాలిలో నిలుస్తుంది కాబట్టి అదొక ముక్క, 'ద్మా' కింది మ ఒత్తు ఒక ముక్క, చివరి సున్న ఒక ముక్క. ప, ఫ, ష, స అన్నింటికీ తలకట్టుతో ఇదే తంటా. రెండంగుళాల అక్షరానికి తలకట్టు చిటికెనవేలి గోరంత ఉంటుంది; జిగురు పట్టే చోటు అందులో సగం కూడా ఉండదు. ఎండకు పలక వేడెక్కి, రాత్రికి చల్లబడి, నాలుగు వారాలు గడిచేసరికి మొదట రాలేది అదే. కొన్ని ఫాంట్లలో 'ధ' కింది గీత కూడా విడిగానే ఉంటుంది. అది ఊడి 'ధనలక్ష్మి నిలయం' కాస్తా 'దనలక్ష్మి నిలయం' అయిన ఇంటి యజమాని ఫోన్ చేసి, "ఇల్లు కట్టి అసలే ధనం కరిగిందండీ, ఉన్న ఒత్తు కూడా ఊడదీశారా" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు కానీ, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వెనుక పలక లేకుండా, షీటులో జాలీలా అక్షరాల ఆకారాన్ని కోసి తీసే పనిలో తంటా తలకిందులవుతుంది. అక్కడ సున్న చుట్టూ కోస్తే మధ్యలోని బిళ్ళ రాలిపోయి, సున్న ఉండవలసిన చోట గుండ్రని రంధ్రం మిగులుతుంది. బిళ్ళను పట్టి ఉంచడానికి రెండు వైపులా సన్నని వంతెనలు వదలాలి. అవి ఎక్కడ వదలాలన్నది కంప్యూటరు చెప్పదు. ఎడమ కుడి వైపుల వదిలితే సున్న రెండు ముక్కలై ఒకదాని మీద ఒకటి బోర్లించిన గిన్నెల్లా కనిపిస్తుంది. కాస్త ఏటవాలుగా వదిలితే చూపు దాన్ని సున్నగానే చదువుకుంటుంది. ఇది తెలుసుకోవడానికి నాకు అర షీటు ఎండీఎఫ్ ఖర్చయింది.

మా వీధిలో దుకాణాల బోర్డులు బ్రష్షుతో రాసిన పెయింటరు గారొకరు ఉన్నారు. ఆయనను పిలిచి ఊడిన ముక్కలు చూపిస్తే, కాగితం తీసుకొని 'ప' రాసి, తలకట్టును ఒక్క విసురుతో కిందికి లాగి అక్షరం భుజానికి కలిపారు. "గోడ మీద కూడా మేం ఇలాగే కలిపేవాళ్ళమండీ, ఎవరూ తప్పు పట్టలేదు" అన్నారు. అప్పటి నుంచి ఆయన కలిపిన పద్ధతిలోనే అక్షరాలను సవరిస్తున్నాము. మూడు మిల్లీమీటర్ల షీటులో ఆ అతుకు రెండు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. తగ్గితే చేత్తో ఎత్తేటప్పుడే విరుగుతుంది. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర ద్వారా అందరికీ ఉచితంగా అందిన ఫాంట్లలో రామభద్ర, పొన్నాల వంటి బొద్దు అక్షరాలు ఈ పనికి బాగా నప్పుతాయి. శుభలేఖల మీది సన్నని వంపుల అక్షరాలు కావాలంటే వెనుక పలక తప్పదని ముందే చెబుతాము. మీరు ఎంత ముచ్చటపడినా సరే, ఈసారి మొహమాటపడము.

శ్రావణం ఆర్డర్లకు ఇంకొక మార్పు ఉన్నది. పేరును వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాలతో పంపితే ఇకపై తీసుకోము. దీర్ఘం ఉన్నదో లేదో, 'ల' నో 'ళ' నో మేము ఊహించి కోయడం వల్ల ఒక ఇంటిపేరును రెండుసార్లు తిరిగి చేయవలసి వచ్చింది. కాగితం మీద తెలుగులో రాసి ఫోటో పంపండి. ఇంట్లో పెద్దవారి చేతిరాత అయితే మరీ మంచిది. కావాలంటే ఆ రాతనే ఫలకంగా కోసి ఇస్తాము. మేము మొదట అసలు కొలతలోనే అట్ట మీద ఒక నమూనా కోసి చూపిస్తాము. దానిని మీ గుమ్మం పక్కన గోడకు ఆనించి, వీధిలోంచి చదివి చూసుకొని, సరేనన్న తరువాతనే షీటు కోస్తాము. ఈ నమూనాకు, తలకట్లు కలిపే పనికి కలిపి ఒక్కో ఫలకం మీద 150 రూపాయలు పెంచుతున్నాము.

సన్‌బోర్డు, రెక్సిన్, ఫ్లెక్స్ తెచ్చి కోసిపెట్టమంటే కోయము. అవి పీవీసీ అనే, క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్‌తో చేసినవి. లేజర్ తగిలితే వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు మా ఊపిరితిత్తులనూ యంత్రం పట్టాలనూ తినేస్తుంది. పక్కనే ఉన్న కొండపల్లి బొమ్మల ఆకారాలను ప్లైవుడ్‌లో కోసి, ఆ పేరుతో రిటర్న్ గిఫ్టులుగా ఇవ్వమని అడిగినవారికి కూడా కాదన్నాము. తెల్ల పొణికి కర్రను చేత్తో చెక్కి, మక్కుతో (చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో) అతికి, రంగులు వేసే బొమ్మ పేరును మా చదును పలకకు పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆ బొమ్మలు నిలబెట్టుకోవడానికి పీట, పేరు రాసిన పెట్టె కావాలంటే సంతోషంగా చేస్తాము.

దుకాణంలో ఒక ఖాళీ స్వీట్ల డబ్బా ఉన్నది. తిరిగి వచ్చిన ఫలకాల తలకట్లు, ఒత్తులు, సున్నలు అందులో వేసి పెట్టాము. మీ ఫలకం మీది ముక్క ఊడి, అది ఇంట్లోనే ఉంటే పారేయకుండా తీసుకురండి, అక్కడికక్కడే అతికిస్తాము. పోయిందంటే షీటు రంగు చెప్పండి. మీ పేరు ఫైలు మా కంప్యూటరులో ఉంటుంది కాబట్టి, అదే కొలతకు కొత్త తలకట్టు కోయడానికి అర నిమిషం పడుతుంది. శ్రావణం రద్దీ మొదలయ్యేలోగా సాయంత్రం 4 నుంచి 8 వరకు ఇందుకోసమే తెరిచి ఉంటాము.