మైనస్ మూడు మైనస్ ఐదు

నల్లగొండ,
ఆగస్టు 11, 2025.

బిడ్డా,

దేవరకొండ చేరినట్టు నీ మెసేజ్ చూశాను. రాఖీకి వచ్చి ఒక్క రాత్రే ఉండి వెళ్లావని అమ్మ ఇంకా గొణుగుతూనే ఉంది.

ఒక తప్పు ఒప్పుకోవాలి. శనివారం రాత్రి నువ్వు నిద్రపోయాక నీ సంచిలోని నీ ఏడో తరగతి పిల్లల ఎఫ్ఏ-1 (ఏడాదిలో మొదటి ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే నిర్మాణాత్మక మూల్యాంకనం) పేపర్ల కట్ట విప్పి చూశాను. 34 ఏళ్లు లెక్కల సారుగా చేసినవాడికి కట్ట కనబడితే చెయ్యి ఊరుకోదు. అన్నం తింటూ నువ్వన్న మాట కూడా చెవిలోంచి పోలేదు: "నాయినా, ఏడో తరగతిలో సగం మందికి లెక్కలు రావు, ఎంత చెప్పినా దండగే." అప్పుడే ఏమన్నా అంటే మనిద్దరికీ వాదన, మధ్యలో అమ్మకు టెన్షన్. అందుకే ఉత్తరం.

మూడో ప్రశ్న చూడు. −3 − 5 ఎంత? 36 పేపర్లలో 21 తప్పులు. ఇరవై ఒక్కదానికీ ఒకే ఎర్ర ఇంటూ, ఒకే సున్నా. నేను వాటిని మంచం మీద పరిచి వేరు చేశాను. 12 మంది 8 అని రాశారు. ఆరుగురు 2 అనో, −2 అనో రాశారు. ముగ్గురు ఖాళీగా వదిలేశారు. కొందరు పక్కవాడిది చూసి రాసి ఉండొచ్చు, కాదనను. కానీ ఆ పన్నెండు మంది నువ్వు చెప్పింది వినకపోవడం వల్ల తప్పు చేయలేదు, వినే తప్పు చేశారు. గుణకారం దగ్గర నువ్వు చెప్పిన "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్" తెచ్చి ఇక్కడ అతికించారు. ఆ ఆరుగురికి మధ్యలో మైనస్ కనబడితే చాలు, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయడమే. ఖాళీగా వదిలినవాళ్ల సంగతి పేపరు చెప్పదు, పక్కన కూర్చోబెట్టుకొని అడగాల్సిందే.

మూడు గుంపులకూ చెప్పాల్సింది ఒకటి కాదు కదా. ఆ పన్నెండు మంది దగ్గర సూత్రం జోలికి పోకు. కిరాణా కొట్టులో 3 రూపాయలు బాకీ ఉంది, ఇంకో 5 రూపాయల సామాను ఉద్దెర తెచ్చావు, ఇప్పుడు నీ దగ్గర 8 ఉన్నాయా, నువ్వే 8 ఇయ్యాలా అని అడుగు. ఉద్దెర లెక్క మన పల్లె పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఎఫ్ఏ అంటే మనకు 20 మార్కులు, నాలుగు గడులు: పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు, లఘు పరీక్ష. ఏడాదికి నాలుగుసార్లు గడులు నింపితే పని అయిపోయినట్టే. నిర్మాణాత్మక మూల్యాంకనం అన్న మాట పుట్టింది దీనికి కాదు. 1967లో మైకేల్ స్క్రివెన్ అనే ఆయన, పాఠ్యక్రమం ఇంకా తయారవుతుండగానే దాన్ని సరిదిద్దుకోవడానికి చేసే పరిశీలనకు ఆ పేరు పెట్టాడు. తర్వాత బెంజమిన్ బ్లూమ్ అనే విద్యావేత్త దాన్ని పిల్లల నేర్చుకోవడం దాకా తెచ్చాడు. విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్ కూడా పిల్లల అవగాహనను నిరంతరం, సమగ్రంగా మదింపు చేయమనే అంటుంది. రిజిస్టర్లు మాత్రం మనం కనిపెట్టినవి.

నేనేమీ సుద్దపూసను కాదు. తనిఖీకి వస్తున్నారంటే రాత్రికి రాత్రి నాలుగు గడులూ నింపినవాణ్నే. వీడికి 16, వాడికి 14, ముఖం గుర్తొచ్చిన కొద్దీ. ప్రాజెక్టులైతే ఇంకా నవ్వులాట. నెట్ సెంటర్ నుంచి 40 మందీ అదే రామానుజన్ ఫొటో అంటించి తెచ్చేవాళ్లు.

నా కళ్లు తెరిపించింది ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి. 1/2 + 1/3 ఎప్పుడిచ్చినా 2/5 అని రాసేది. ఏడాదంతా ఇంటూ కొట్టాను. ఒకరోజు విసుగొచ్చి, ఎట్లా వచ్చిందే అని అడిగాను. భయపడుతూనే చెప్పింది: "సార్, మొన్నటి టెస్టులో రెండుకు ఒకటి వచ్చింది, నిన్న మూడుకు ఒకటి. మీరే కలిపి ఐదుకు రెండు అని వేశారు కదా సార్." నాకు నోట మాట రాలేదు. అది నేర్చుకున్నది నా మార్కుల రిజిస్టర్ నుంచే! రెండు టెస్టుల మార్కులు కలపడం వేరు, ఒకే రొట్టెలో సగమూ మూడో వంతూ కలపడం వేరు అని రొట్టె బొమ్మ గీసి చూపిస్తే పది నిమిషాల్లో పట్టేసింది. సగమే రెండు బై ఐదు కంటే ఎక్కువ కదా సార్ అని తనే నవ్వింది. ఆ పది నిమిషాలు జూన్‌లో ఎందుకు ఇవ్వలేదో నాకు ఇప్పటికీ సిగ్గే.

మార్కుల గురించి ఇంకో మాట. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ పిల్లల మీద చూసింది. కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి సూచన మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. మెరుగైంది సూచన మాత్రమే అందినవాళ్లు. రెండూ ఇస్తే సూచన కూడా దండగైపోయింది. మన క్లాసులో చూడు, పేపరు చేతికి రాగానే వాడు చూసేది మార్కు, తర్వాత చూసేది పక్కవాడి మార్కు. నీకు మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించక తప్పదు, ఎక్కించు. పిల్లలకు మాత్రం పేపరు ముందు మార్కు లేకుండా, ఒక్క ప్రశ్న రాసి ఇవ్వు. "ఇక్కడ గుణించావా, కలిపావా?" చాలు. సరిచేసి తెచ్చాక మార్కు చెప్పు. అన్ని పేపర్లకూ చేయలేవు, వారానికి ఒక తరగతి పెట్టుకో.

"అర్థమైందా" అని అడగడం మానెయ్. "అర్థమైంది మేడం" అని తరగతంతా కోరస్ పాడుతుంది, అందులో ఏమీ తెలియనివాడి గొంతే పెద్దది. పలకలు తెప్పించు. లెక్క చెప్పి, మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టు, తర్వాత అందరినీ ఒకేసారి ఎత్తమను. ఎవరెక్కడ ఉన్నారో ఒక్క చూపులో తెలుస్తుంది.

తండా పిల్లల విషయం నాకంటే నీకే బాగా తెలుసు. ఇంట్లో లంబాడీ మాట, బడిలో మన తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు. రాత లెక్క తప్పితే, ముందు ఆ లెక్కను వాడి మాటల్లో చెప్పమను. చాలాసార్లు తప్పింది లెక్క కాదని తేలుతుంది. దసరా అయ్యాక పత్తి ఏరడానికి పోయి పది రోజులు రానివాడి సున్నాను కూడా మిగతా సున్నాలతో కలపకు. వాడు ఆ పాఠం విననే లేదు.

పాత క్యాలెండర్లు, పెళ్లిపత్రికల వెనక తెల్లగా ఉన్నవి కత్తిరించి మూడు వందల చీటీలు చేశాను. పాఠం ఆఖరి ఐదు నిమిషాల్లో ఒకే లెక్క ఇచ్చి చీటీ మీద రాయించు, బస్సులో కూర్చొని మూడు కుప్పలు చెయ్. అమ్మ చేసిన సకినాలతో పాటు రేపు కార్గోలో వేస్తున్నాను. నూనె అంటకుండా చీటీలను వేరే కవరులో పెట్టాను.

ఆ ఖాళీగా వదిలిన ముగ్గురూ ఏమన్నారో ఫోన్ చేసి చెప్పు.

మీ నాయిన